అక్కకు ఎన్‌కే కణాల చికిత్స చేయించవచ్చా? గడ్డలుగా పెరిగే క్యాన్సర్లలో అది ఎంతవరకు పనిచేస్తుంది?

చిన్నచెల్లి:

నమస్కారం. మా అక్కకు 52 ఏళ్లు. అండాశయ క్యాన్సర్. శస్త్రచికిత్స, ఆరు విడతల కీమో అయ్యాక పద్నాలుగు నెలలు ఏ ఇబ్బందీ లేకుండా గడిచాయి. తర్వాత తిరగబెట్టింది. మళ్లీ కీమో ఇచ్చారు. ఈసారి ఆ ఊరట నాలుగు నెలలు కూడా నిలవలేదు. పొట్టలో నీరు చేరుతోంది. ఈ క్యాన్సర్ జాడ కోసం రక్తంలో చూసే సీఏ-125 అంకె వరసగా మూడు పరీక్షల్లోనూ పెరిగింది.

అక్కను చూస్తున్న డాక్టరుగారు వేరే మందుల గురించి ఆలోచిస్తున్నారు. ఈలోగా ఒక క్లినిక్ గురించి తెలిసి వెళ్లాం. అక్క రక్తం తీసి, అందులోని నేచురల్ కిల్లర్ (ఎన్‌కే) అనే రోగనిరోధక కణాలను రెండు మూడు వారాలు పెంచి, వందల కోట్ల సంఖ్యలో తిరిగి నరంలోకి ఎక్కిస్తామన్నారు. సొంత కణాలే కాబట్టి హాని ఏమీ ఉండదన్నారు. ఒక వీడియో చూపించారు. చిన్న కణం ఒకటి పెద్ద క్యాన్సర్ కణాన్ని పట్టుకుంటుంది, కాసేపటికి ఆ పెద్దది ఉబ్బి పగిలిపోతుంది. అక్క దాన్ని నాలుగుసార్లు పెట్టించుకుని చూసింది. "ఇవి ముందు నుంచీ నా ఒంట్లో ఉన్నవేనా? మరి ఇన్నాళ్లూ ఏం చేస్తున్నాయి?" అని అడిగింది. అక్కడ ఎవరూ జవాబు చెప్పలేదు.

నా ప్రశ్న కూడా అదే. రక్త క్యాన్సర్లలో ఈ కణాలతో మంచి ఫలితాలు వచ్చాయని చదివాను. గడ్డ క్యాన్సర్ల దగ్గరికి వచ్చేసరికి ఎందుకు వెనకబడుతున్నాయి? ఈ చికిత్స కోసం అక్కను తిప్పడం సరైనదేనా? ధైర్యం చెప్పడానికని రాయకండి, ధైర్యం మేము ఒకరికొకరం చెప్పుకుంటున్నాం. తెలిసింది తెలిసినట్టు రాయండి.

సూక్ష్మదర్శిని:

చిన్నచెల్లి గారూ, ఎన్‌కే కణాలను పెంచడం, వాటి బలం పరీక్షించడం తొమ్మిదేళ్లుగా నా రోజువారీ పని. నేను వైద్యుణ్ని కాను. మీ అక్కగారికి ఏ మందు సరిపోతుందో చెప్పే అర్హత నాకు లేదు. కానీ ఈ కణాలు ఏం చేయగలవో, ఎక్కడ ఆగిపోతాయో కళ్లారా చూస్తూ వచ్చాను. మీ అక్కగారు అడిగిందే ఈ రంగంలో అసలు ప్రశ్న. "ఇన్నాళ్లూ ఏం చేస్తున్నాయి?" అని మా పరిశోధనా బృందాల్లో కూడా అందరూ అంత సూటిగా అడగరు.

ముందు ఆ వీడియో సంగతి. అది అబద్ధం కాదు. ఎన్‌కే కణాల బలం చూడటానికి ప్రయోగశాలల్లో కే562 అనే కణాలను వాడతాం. ఎప్పుడో ఒక లుకేమియా (రక్త క్యాన్సర్) రోగి నుంచి తీసి, అప్పటి నుంచి పెంచుతూ వస్తున్న కణాలవి. వాటి మధ్య ఎన్‌కే కణాన్ని వదిలితే మొదట అటూ ఇటూ పాకుతుంది. ఒకదానికి తగలగానే ఆగుతుంది. దానికి ఒరిగి, అంటుకుని, బల్లపరుపుగా పరుచుకుంటుంది. లోపలి రేణువులన్నీ ఆ అంటుకున్న వైపుకే చేరతాయి. పర్ఫోరిన్ అనే ప్రొటీను అవతలి కణం పొరకు రంధ్రాలు పెడుతుంది, గ్రాంజైములు లోపలికి దూరి దాని చావును మొదలుపెడతాయి. కాసేపటికి ఆ కణం అంచుల్లో బుడగలు పొంగుతాయి. ఎన్‌కే కణం తనను తాను విడిపించుకుని మరోదాని వైపు కదులుతుంది. కొన్ని వందలసార్లు చూశాను. ఇప్పటికీ పక్క బల్ల మీద ఎవరున్నా పిలిచి చూపిస్తాను.

కానీ ఆ కే562 కణాల మీద హెచ్‌ఎల్‌ఏ గుర్తులు దాదాపు ఉండవు. మన ఒంట్లోని మామూలు కణాలన్నీ తమ పొర మీద ఆ గుర్తులు పెట్టుకుంటాయి. ఎన్‌కే కణం వాటిని తడిమి "ఇది మనదే" అని వదిలేస్తుంది. గుర్తు లేని కణం కనిపిస్తే చంపుతుంది. ఎన్‌కే కణాలను గుర్తించింది 1975 ప్రాంతంలో, స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థలోనూ అమెరికాలోనూ. 1986లో క్లాస్ కార్రే బృందం చూపించింది ఈ సంగతినే: అవి వెతికేది శత్రువు గుర్తు కోసం కాదు, మన గుర్తు లేకపోవడం కోసం. దీనికి తోడు, ఒత్తిడిలో ఉన్న కణాలు మీకా, మీక్‌బీ వంటి ప్రొటీన్లను బయటపెడతాయి. వాటిని చూస్తే ఎన్‌కే కణం ఉరుకుతుంది. అంటే బ్రేకు ఒకటి, యాక్సిలరేటరు ఒకటి. ఏది గట్టిగా నొక్కుకుంటే అదే చెల్లుతుంది.

ఇప్పుడు గడ్డల సంగతి. గుండ్రటి అడుగున్న గుంటల పళ్లెంలో అండాశయ క్యాన్సర్ కణాలను నాలుగైదు రోజులు వదిలేస్తే ఒకదానికొకటి అంటుకుని అర మిల్లీమీటరు ఉండలవుతాయి. ఒకసారి ఆ ఉండలకు ఎరుపు రంగు, ఎన్‌కే కణాలకు ఆకుపచ్చ రంగు పట్టించి కలిపాను. మర్నాడు చూస్తే ఎర్రటి ఉండ చుట్టూ పచ్చటి ఉంగరం. అంచునున్న క్యాన్సర్ కణాలు చచ్చి రాలిపోతున్నాయి. నడిమి భాగం చెక్కుచెదరలేదు. మూడో రోజుకి ఉంగరం మసకబారింది. ఉండ మళ్లీ అంచు వరకు ఎర్రబడింది. అవే క్యాన్సర్ కణాలను విడగొట్టి, అవే ఎన్‌కే కణాలతో కలిపితే నాలుగు గంటల్లో సగానికి పైగా చచ్చిపోయాయి. ఆ రెండు పళ్లేలనూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

కాబట్టి మీ మొదటి ప్రశ్నకు నా జవాబు ఇది: చంపడం వాటికి చేతకాక కాదు, లోపలికి చేరడం, చేరాక బతికి ఉండటం కుదరక. రక్త క్యాన్సర్ కణాలు ఎక్కువగా రక్తంలో, ఎముక మజ్జలో ఉంటాయి. ఎన్‌కే కణాలు తిరిగేదీ అక్కడే. నరంలోకి ఎక్కించిన కణం పొట్టలోని గడ్డ దాకా వెళ్లాలంటే రక్తనాళం గోడ దాటాలి, గట్టి పీచు కణజాలం చీల్చుకోవాలి, ఆక్సిజన్ అందని చోట, లాక్టిక్ ఆమ్లం నిండిన చోట పనిచేయాలి. పైగా అక్కడ టీజీఎఫ్-బీటా అనే ప్రొటీను ఉంటుంది. ఎన్‌కే కణాన్ని అది నిద్రపుచ్చుతుందని చెబితే సరిపోదు. దాని స్వభావాన్నే మార్చి, చంపే గుణం తగ్గిన వేరే రకం కణంలా చేస్తుంది. మీకా వంటి ఆపద గుర్తులను కూడా క్యాన్సర్ కణం కత్తిరించి బయటకు వదిలేస్తుంది. ఎన్‌కే కణాలు ఆ తెగిన ముక్కలకు తగులుకుని అలసిపోతాయి.

మీ అక్కగారి విషయంలో ఇంకొకటి. సీఏ-125 అని ప్రతి రిపోర్టులో చూస్తున్నారు కదా, అది మక్16 అనే పెద్ద జిగురు ప్రొటీనులో ఒక భాగం. ఆ ప్రొటీను క్యాన్సర్ కణాల పొర మీద దట్టంగా కప్పుకుని ఉంటుంది. నేను పైన చెప్పిన ఆ "అంటుకోవడం" సరిగ్గా జరగనివ్వదు. మీరు అంకెగా చూసేది, ఎన్‌కే కణానికి అడ్డం నిలిచే కవచం తాలూకు ముక్కే. ఇన్నాళ్లూ ఏం చేస్తున్నాయన్న ప్రశ్నకు ఇది కొంత జవాబు అనుకుంటున్నాను.

రెండోది, సొంత కణాలు. హాని తక్కువన్నది చాలావరకు నిజమే. కానీ సొంత ఎన్‌కే కణం సొంత హెచ్‌ఎల్‌ఏను గుర్తుపడుతుంది. బ్రేకు పడే ఉంటుంది. అందుకే పెద్ద ప్రయోగాలు చాలావరకు దాత కణాల వైపు వెళ్లాయి. 2005లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జెఫ్రీ మిల్లర్ బృందం బంధువుల నుంచి తీసుకున్న ఎన్‌కే కణాలను 43 మందికి ఇచ్చింది. వాళ్లలో మెలనోమా అనే చర్మ క్యాన్సర్, మూత్రపిండాల క్యాన్సర్ ఉన్నవారూ ఉన్నారు. ఆశలు బాగా సన్నగిల్లిన 19 మంది ఏఎంఎల్ (వేగంగా ముదిరే ఒక రక్త క్యాన్సర్) రోగుల్లో 5 మందికి పూర్తి ఉపశమనం వచ్చింది. ఈ కణాలకు మంచి పేరు వచ్చింది అలా రక్త క్యాన్సర్‌లోనే. 2011లో అదే విశ్వవిద్యాలయం నుంచి మరో నివేదిక వచ్చింది. తిరగబెట్టిన అండాశయ, రొమ్ము క్యాన్సర్లున్న 20 మందికి దాత కణాలు ఇచ్చారు, వారిలో 14 మందిది అండాశయ క్యాన్సరే. కణాలు ఒంట్లో ఎక్కువ కాలం నిలిచి వృద్ధి చెందలేదు. వాటికి ఆహారంగా ఇచ్చిన ఇంటర్‌ల్యూకిన్-2 అనే ప్రొటీను, రోగనిరోధక శక్తిని అణచే నియంత్రక టి కణాలను కూడా పెంచిపెట్టింది. ఇప్పుడు అందరూ అదే కోవలోని ఇంటర్‌ల్యూకిన్-15 వైపు మళ్లడానికి ఇలాంటి అనుభవాలే కారణం.

క్లినిక్ వాళ్లను రెండు సంగతులు అడగండి. ఎక్కించిన కణాలు ఎన్ని రోజులు బతుకుతాయో, అది ఎలా కొలిచారో. గడ్డలోకి చేరాయని ఏ రోగి బయాప్సీలోనైనా చూశారా అని. ఇది ఆమోదం పొందిన చికిత్సా, నమోదైన క్లినికల్ ట్రయలా అన్నది కూడా కాగితం మీద చూపించమనండి. గడ్డ క్యాన్సర్లకు ఎన్‌కే కణాల ఎక్కింపు ఏదీ ఇంతవరకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదం పొందలేదు.

వానచినుకు:

సూక్ష్మదర్శిని గారూ, బాగా వివరించారు. కానీ మరీ నిరాశగా చెప్పారేమో అనిపించింది. జపాన్‌లో 3,625 మందిని పదకొండేళ్లు గమనించి, ఈ కణాల చురుకు తక్కువగా ఉన్నవారిలో క్యాన్సర్ ఎక్కువగా వచ్చిందని తేల్చారు కదా? లాన్సెట్ వైద్య పత్రికలో 2000లో వచ్చింది. మా నాన్నగారికి పెద్దపేగు క్యాన్సర్ వచ్చినప్పుడు ఆ వ్యాసాన్ని అచ్చు తీసి సంచిలో పెట్టుకుని తిరిగాను. చురుకు పెంచితే మేలు జరగాలి కదా. ఆయనకు కూడా ఒకచోట రక్తంలో ఎన్‌కే చురుకు కొలిచే పరీక్ష చేయించాం. మూడుసార్లు ఎక్కించాక ఆ అంకె రెట్టింపు అయిందని చూపించారు. ఆ రోజు ఇంటిల్లిపాదికీ పండగలా అనిపించింది. రెండు నెలల తర్వాత తీసిన స్కానులో కాలేయంలోని మచ్చలు పెరిగాయి. ఆ అంకెకూ స్కానుకూ పొంతన ఎందుకు లేదో నాకు ఈరోజుకీ అర్థం కాలేదు. నాన్నగారు పోయి రెండేళ్లయింది.

సూక్ష్మదర్శిని:

వానచినుకు గారూ, మీ నాన్నగారి గురించి చదివి మనసు భారమైంది. ఆ వ్యాసం నిజమైనదే, మంచి పని అది. కానీ అది చెప్పింది క్యాన్సర్ ఇంకా రాని మనుషుల గురించి. కణాలు ఒకటీ రెండూగా పుట్టే దశలో, గడ్డ కట్టకముందు, ఎన్‌కే కణాలు కాపలా కాస్తాయి. గడ్డ కట్టి, రక్తనాళాలు తెచ్చుకుని, చుట్టూ గోడ కట్టుకున్నాక పరిస్థితి వేరు.

మీకు చూపించిన ఆ అంకె చేతి నరంలోంచి తీసిన రక్తంలో కొలిచింది. రక్తంలోని లింఫోసైట్లలో (తెల్ల కణాల్లో ఒక రకం) ఎన్‌కే కణాలు మామూలుగా నూటికి 5 నుంచి 15 వరకు ఉంటాయి. బయట పెంచినవి ఎక్కిస్తే కొన్ని రోజుల పాటు ఆ చురుకు పెరుగుతుంది, పరీక్షలో కనిపిస్తుంది. కాలేయంలోని మచ్చ లోపల ఎన్ని ఉన్నాయో ఆ పరీక్ష చెప్పదు. నా పళ్లెంలోని పచ్చటి ఉంగరం అలాంటిదే. పచ్చ రంగు మొత్తం కొలిస్తే బ్రహ్మాండంగా ఉంటుంది. మీరు పండగ చేసుకోవడంలో తప్పేమీ లేదు. ఆ అంకె దేన్ని కొలవదో మీకు చెప్పవలసినవాళ్లు చెప్పలేదు.

నిరాశగా చెప్పాననడం మాత్రం ఒప్పుకోను. నిరాశే అయితే ఈ పనిలో ఉండను. కాబట్టి రెండో వైపు కూడా రాస్తాను.

2020లో అమెరికాలోని ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రంలో కాటీ రెజ్వానీ బృందం బొడ్డుతాడు రక్తం నుంచి తీసిన ఎన్‌కే కణాలకు కొన్ని రక్త క్యాన్సర్ కణాల మీద ఉండే సీడీ19 అనే గుర్తును పట్టుకునే కృత్రిమ గ్రాహకాన్ని అమర్చింది. వాటిలోనే ఇంటర్‌ల్యూకిన్-15 తయారయ్యేలా చేసింది. లింఫోమా, లుకేమియా ఉన్న 11 మందిలో 8 మందికి గుణం కనిపించింది, వారిలో 7గురికి పూర్తి ఉపశమనం. టి కణాలకు ఇలాంటి గ్రాహకాన్నే అమర్చే కార్-టి చికిత్సలో భయపెట్టే సైటోకైన్ తుఫాను (రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పి చెలరేగడం), నరాల సమస్యలు రాలేదు. దాత కణాలే అయినా అవి రోగి ఒంటి మీద దాడి చేయలేదు. ఇవన్నీ రక్త క్యాన్సర్లే, నిజమే. కానీ పరాయి కణాలను ముందే తయారుచేసి ఉంచి ఇవ్వవచ్చని, వాటి ఆహారం వాటికే కట్టి పంపవచ్చని తేలింది.

గడ్డల విషయంలో నాకు ఆశ కలిగించే పనులన్నిటిలోనూ ఒక పోలిక ఉంది: కణాలను గడ్డ దగ్గరికే తీసుకెళ్లి వదలడం. ఫ్రాంక్‌ఫర్ట్‌లో మెదడు గడ్డలకు అలా చేశారు. గ్లియోబ్లాస్టోమా తిరగబెట్టిన 9 మందికి, గడ్డ తీసేసిన గుంత అంచుల్లోకి హెర్2 అనే ప్రొటీనును పట్టుకునే ఎన్‌కే-92 కణాలను (ప్రయోగశాలలో పెంచుతూ వస్తున్న ఎన్‌కే కణాల రకం) సూదితో ఎక్కించారు. 5 మందిలో జబ్బు కొన్ని వారాల పాటు పెరగకుండా నిలిచింది. 2019లో మరో చిన్న ప్రయత్నం వచ్చింది. పెద్దపేగు క్యాన్సర్ వల్ల పొట్టలో నీరు చేరిన ఇద్దరికి, మార్పు చేసిన ఎన్‌కే కణాలను నేరుగా పొట్టలోకే ఇచ్చారు. నీరు చేరడం తగ్గింది, ఆ నీటిలోని క్యాన్సర్ కణాలూ తగ్గాయి. ఇద్దరే, అంతకు మించి చెప్పను. చిన్నచెల్లి గారూ, పొట్టలో నీరన్న మాట మీ ప్రశ్నలో ఉంది కాబట్టే ఇది రాశాను. ఆ నీటిలో తేలే క్యాన్సర్ కణాలు విడివిడిగానో చిన్న ఉండలుగానో ఉంటాయి. నా రెండు పళ్లేల్లో మొదటిదాని కంటే రెండోదానికి దగ్గర. అండాశయ క్యాన్సర్‌లో పొట్టలోకే కణాలు ఇచ్చే ట్రయల్స్ ఉన్నాయి. నరంలోకి ఎక్కిస్తామనే క్లినిక్ కంటే వాటి గురించి మీ డాక్టరుగారిని అడగడం మేలు.

2024 ఏప్రిల్‌లో ఎఫ్‌డీఏ ఆమోదించిన అంక్టివా అనే మందు కూడా ఇదే దారి. ఇంటర్‌ల్యూకిన్-15 లాగా పనిచేస్తూ ఎన్‌కే కణాలను, టి కణాలను రేపుతుంది. బీసీజీ (మూత్రాశయ క్యాన్సర్‌కు కూడా వాడే క్షయ టీకా మందు)కి లొంగని ఒక రకం మూత్రాశయ క్యాన్సర్‌కు బీసీజీతో కలిపి నేరుగా మూత్రాశయంలోకే పంపుతారు. కణాలు బయటి నుంచి తేవడం లేదు, ఉన్నవాటినే చోటు చూసి మేల్కొల్పుతున్నారు.

బ్రేకు తీసే మందులు కూడా ప్రయత్నించారు. మోనలిజుమాబ్ అనే యాంటీబాడీ మీద చాలామంది ఆశ పెట్టుకున్నాం. తల, మెడ క్యాన్సర్లలో పెద్ద ట్రయల్ నడిచింది. 2022లో ఫలితం లేదని ఆపేశారు. ఆ వార్త వచ్చిన రోజు మా గదిలో ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు.

రాత్రిడ్యూటీ:

ఆంకాలజీ వార్డులో నర్సుని. ఎన్‌కే కణాల ట్రయల్‌లో చేరిన కొందరికి నేనే సేవ చేశాను. మంచం పక్కన ఎలా ఉంటుందో చెబితే మీ అక్కగారికి ఉపయోగపడుతుందేమో.

కణాల సంచి చాలా చిన్నది. చాలామంది "ఇంతేనా?" అంటారు. గడ్డకట్టించి తెచ్చినదైతే మంచం దగ్గరే కరిగించి వెంటనే ఎక్కిస్తాం. కణాలు పాడుకాకుండా కలిపే డీఎంఎస్‌ఓ వల్ల గది అంతా వెల్లుల్లి వాసన వస్తుంది. మనిషి ఊపిరిలో కూడా మర్నాటి దాకా ఉంటుంది. ముందే చెప్పకపోతే ఇంట్లోవాళ్లు కంగారు పడతారు. రాత్రికి కొందరికి చలి, జ్వరం వస్తాయి. చాలావరకు మర్నాటికి తగ్గిపోతాయి.

అసలు కష్టం అంతకు ముందుంది. ఎక్కించిన కణాలకు ఒంట్లో చోటు దొరకాలని చాలా ట్రయల్స్‌లో ముందుగా సైక్లోఫాస్ఫమైడ్, ఫ్లుడారబిన్ అనే కీమో మందులు ఇస్తారు. తెల్ల కణాలు పడిపోతాయి. అప్పటికే రెండుసార్లు కీమో అయినవారికి ఆ పది పదిహేను రోజులు ఇన్‌ఫెక్షన్ భయం చాలా ఎక్కువ. "మీ కణాలే, హాని లేదు" అనే మాటలో ఈ భాగం వినపడదు. స్టెరాయిడ్ల సంగతి కూడా చెప్పాలి. అవి ఎన్‌కే కణాలను అణచేస్తాయి, అందుకే ట్రయల్స్‌లో వాటి మీద ఆంక్షలు ఉంటాయి. మీ అక్కగారు వాంతులకో, ఆయాసానికో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ వాడుతుంటే ఆ విషయం దాచకండి.

ఇంకొకటి, ఎన్‌కే కణాలకు సంబంధం లేనిదే కానీ చెప్పకుండా ఉండలేను. ప్లాటినం కీమోకు (కార్బోప్లాటిన్ వంటివి) లొంగని అండాశయ క్యాన్సర్‌లో, కణాల మీద ఫోలేట్ రిసెప్టర్ ఆల్ఫా అనే ప్రొటీను ఎక్కువగా ఉంటే పనికొచ్చే మందు ఒకటుంది, మిర్వెటుక్సిమాబ్. 2022లో ఎఫ్‌డీఏ నుంచి తొలి ఆమోదం వచ్చింది, 2024లో పూర్తి ఆమోదం. మీ డాక్టరుగారు అంటున్న "వేరే మందులు" ఇవేనేమో అడగండి. గడ్డ ముక్క మీద ఆ పరీక్ష చేశారా? బీఆర్‌సీఏ జన్యువుల్లో మార్పు ఉందేమో చూసే పరీక్ష అయిందా? వేరే చోట్లకు తిరిగే వారాల్లో ఈ పరీక్షలు ఆగిపోవడం చాలాసార్లు చూశాను. నాకు బాధ కలిగించేది అదే.

చిన్నచెల్లి:

ముగ్గురికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి ఇదంతా అక్కకు చదివి వినిపించాను. పచ్చటి ఉంగరం దగ్గర ఆపమని, మళ్లీ చదివించుకుంది. సీఏ-125 గురించి విన్నాక తన పాత రిపోర్టులన్నీ తెప్పించుకుని ముందు పెట్టుకుంది. "అయితే అవి ఊరికే కూర్చోలేదన్నమాట" అంది.

ఈరోజు క్లినిక్‌కు ఫోను చేసి మీరు చెప్పినవి అడిగాను. కణాలు ఎన్ని రోజులు ఉంటాయన్నదానికి "మనిషిని బట్టి" అన్నారు. బయాప్సీ గురించి అడిగితే డాక్టరుగారు ఫోను చేస్తారన్నారు, చేయలేదు. ట్రయల్ నమోదు సంఖ్య లేదు. అక్కడికి వెళ్లడం లేదు. ఎల్లుండి అక్క డాక్టరుగారిని కలుస్తున్నాం. బీఆర్‌సీఏ పరీక్ష మొదట్లోనే చేశారు, మార్పు ఏమీ లేదన్నారు. ఫోలేట్ పరీక్ష మాట ఫైలులో ఎక్కడా కనిపించలేదు. పొట్టలోకి కణాలిచ్చే ట్రయల్ గురించి కూడా అడుగుతాను. వెళ్లేముందు మేము సిద్ధం చేసుకోవలసినది ఏమైనా ఉందా?

సూక్ష్మదర్శిని:

ఉంది. శస్త్రచికిత్స జరిగిన ఆసుపత్రి పాథాలజీ విభాగంలో మీ అక్కగారి గడ్డ ముక్క మైనపు దిమ్మెలో భద్రంగా ఉండాలి. అది ఎక్కడుందో, ఇంకా కణజాలం మిగిలి ఉందో ముందుగానే ఫోను చేసి కనుక్కోండి. ఫోలేట్ రిసెప్టర్ పరీక్షకూ అదే కావాలి, చాలా ట్రయల్స్ మొదట అడిగేదీ అదే. కాగితాల వల్ల రెండు మూడు వారాలు ఇట్టే పోతాయి. పొట్టలో నీరు తీస్తే ఆ నీటిని పారబోయకుండా పరీక్షకు పంపగలరా అని కూడా డాక్టరుగారిని అడగండి.

రాత్రిడ్యూటీ:

దిమ్మె కోసం ఫోను చేసేటప్పుడు పాథాలజీ రిపోర్టు మీద పైన కుడివైపో ఎడమవైపో నమూనా సంఖ్య ఉంటుంది, అది దగ్గర పెట్టుకోండి. పేరు చెబితే వెతకడానికి రోజులు పడుతుంది, సంఖ్య చెబితే అప్పటికప్పుడు చెబుతారు. ఎల్లుండి ఏమన్నారో రాయండి. నేను రాత్రి పది తర్వాత చూస్తాను.